మంద్రస్వరానికి ఒక చిన్న పెట్టె

కచేరీలో తంబురా మోగుతున్నంతసేపు దాని ఉనికిని ఎవరూ పట్టించుకోరు. అది ఆగిపోయిన మరుక్షణం గాయకుని కంఠం దిక్కుతోచనిదై పోతుంది. పాశ్చాత్య పద్ధతిలో కూర్చిన వాద్యబృందాలలో దాదాపు అటువంటి స్థానమే బేస్ గిటార్‌ది. నాలుగు లావుపాటి తీగలు గల ఈ వాద్యం తాళానికీ స్వరానికీ నడుమ నిలిచి రెండింటినీ ముడివేస్తుంది. ఇళయరాజా స్వరపరచిన సినిమా పాటలను శ్రద్ధగా విన్నవారికి, పల్లవి కింద ఈ వాద్యం తన దారిన తాను సాగించే సంచారం ఎంత సొగసైనదో విదితమే.

ఇంతటి వాద్యానికి వేదికమీద మాత్రం తరచు అన్యాయం జరుగుతుంది. రికార్డులో గుండ్రంగా, నిండుగా వినిపించిన మంద్రస్వరం పెళ్ళిపందిరిలో వట్టి గుబగుబ మోతగా మారుతుంది. లేదా అసలు వినిపించనే వినిపించదు. వాయించేవాడు వేళ్ళు నొప్పిపుట్టేటట్లు శ్రమిస్తాడు. శ్రోత మాత్రం ఇవాళ పాట ఎందుకో పలుచగా ఉందనుకొని లేచిపోతాడు. లోపం చాలాసార్లు వాద్యంలోనూ ఉండదు, వాదకునిలోనూ ఉండదు. వాద్యానికీ లౌడ్‌స్పీకరుకూ నడుమ ఉండవలసిన ఒక మెట్టు అక్కడ లేకపోవడమే కారణం. ఆ మెట్టు పేరు ప్రీయాంప్లిఫయర్. వాడుకలో ప్రీయాంప్ అంటారు.

బేస్ గిటార్ కోసమే ప్రత్యేకంగా తయారయ్యే ప్రీయాంపులు మార్కెట్టులో లేకపోలేదు. కాని పేరున్నవాటి ధర సామాన్య వాదకునికి అందుబాటులో ఉండదు. అంతకంటె చాలా తక్కువ ధరకు డిజిటల్ మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ అనే చిన్న పెట్టె లభిస్తున్నది. కాలితో తొక్కి నడిపించే ఈ పెట్టెలో పదుల కొలది ధ్వని విశేషాలు ఇమిడి ఉంటాయి. దీనినే ప్రీయాంప్‌గా వాడుకోవచ్చునా అన్నది ఆర్కెస్ట్రాలలో వాయించే యువకులు పదే పదే వేసే ప్రశ్న. అనుభవజ్ఞులు కొందరు అది ఆటబొమ్మ అని తీసిపారేస్తారు. అమ్మేవారు అది ఉంటే ఇక వేరేదీ అక్కరలేదంటారు. ఈ రెండు మాటలలో ఏది ఎంతవరకు నిజమో తెలియాలంటే, ముందుగా ప్రీయాంప్ చేసే పని ఏమిటో తెలియాలి.

నాలుగు పనులు

బేస్ గిటార్ తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అయస్కాంతం చుట్టూ వేలాది చుట్లుగా చుట్టిన సన్నని రాగితీగ అది. పైన ఉక్కుతీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చలించి, రాగితీగ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. అలా పుట్టిన విద్యుత్తు ఎంతో బలహీనమైనది. సాధారణంగా ఒక వోల్టులో కొద్ది భాగం మాత్రమే.

ఆ బలహీనమైన సంకేతాన్ని చెడిపోకుండా అందుకోవడం ప్రీయాంప్ చేసే మొదటి పని. ఏటి ఇసుకలో తీసిన చలమ నుంచి నీరు తోడే తీరు మనకు తెలుసు. దోసిలితో మెల్లగా తీసుకుంటే తేటనీరు వస్తుంది. పెద్ద బిందెను ఒక్కసారిగా ముంచితే బురద లేస్తుంది. పికప్ కూడా అటువంటి చలమే. దానినుంచి తీసుకొనే విద్యుత్తు ఎంత తక్కువైతే ధ్వని అంత తేటగా ఉంటుంది. అందుకే గిటార్ కోసం తయారైన పరికరాలు తమ ద్వారం వద్ద సుమారు 10 లక్షల ఓముల అవరోధాన్ని ఉంచుతాయి. ఇంపెడెన్స్ అని ఇంజనీర్లు పిలిచేది దీనినే. మిక్సరులో మైక్రోఫోను కోసం ఉంచిన ద్వారం వద్ద ఇది సాధారణంగా రెండు వేల ఓముల ప్రాంతంలోనే ఉంటుంది. బేస్ గిటార్‌ను నేరుగా అక్కడ తగిలిస్తే పికప్ మీద మోయలేని భారం పడి, తీగ మీటిన స్పష్టత అంతా మాసిపోయి, మొద్దుబారిన ధ్వని మిగులుతుంది. పందిరిలో వినవచ్చే గుబగుబకు మొట్టమొదటి కారణం ఇదే.

రెండవ పని సంకేతాన్ని తగినంత పెంచడం. మూడవది దానికి రూపు దిద్దడం. అనగా మంద్ర, మధ్య, తారస్థాయిల పాళ్ళను సరిచూడడం, అవసరమైతే కొద్దిగా గరుకుదనం చేర్చడం. నాలుగవది తీర్చిదిద్దిన సంకేతాన్ని దూరాన ఉన్న మిక్సరుకు రొద చేరకుండా పంపడం. ఇందుకు బాలన్స్‌డ్ లైన్ అనే పద్ధతి ఉన్నది. ఒకే సంకేతాన్ని రెండు తీగలలో ఒకదానికొకటి విరుద్ధంగా పంపుతారు. దారిలో చేరే రొద రెండింటిలోనూ ఒకే విధంగా ఉంటుంది కనుక, అవతలి కొసన ఒకదానినుంచి మరొకదానిని తీసివేసినప్పుడు రొద నశించి సంగీతం నిలుస్తుంది. ఈ పని ఒక్కటే చేసే పెట్టెను డీఐ బాక్స్ అంటారు.

ప్రీయాంప్ చేసే పని ఈ నాలుగే. ఏ పరికరమైనా వీటిని సక్రమంగా చేయగలిగితే అది ప్రీయాంపే. దానిమీద ఏ పేరు రాసి ఉన్నదన్నది అప్రధానం.

ఫెండర్ నుంచి పాడ్ వరకు

ఈ వాద్యం చరిత్ర సుదీర్ఘమైనదేమీ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే వాద్యాన్ని విడుదల చేశాడు. అంతకుముందు మంద్రస్వరం కావాలంటే మనిషి ఎత్తున్న డబుల్ బేస్‌ను మోసుకొని తిరగవలసి వచ్చేది. ఫెండర్ తన వాద్యానికి మెట్లు అమర్చడం వల్ల స్వరస్థానం ఖచ్చితంగా పలికింది. ప్రెసిషన్ అన్న పేరు అందువల్లనే వచ్చింది.

వాద్యం తేలికైంది గాని, దానిని వినిపించే యంత్రం బరువెక్కింది. 1969లో ఆంపెగ్ సంస్థ తయారుచేసిన ఎస్‌వీటీ అనే యాంప్లిఫయర్‌లో 14 వాల్వులు, 300 వాట్ల శక్తి ఉండేవి. యంత్రం ఒక్కటే దాదాపు 40 కిలోల బరువు. దానికి తోడు పది అంగుళాల స్పీకర్లు ఎనిమిదింటిని బిగించిన నిలువెత్తు పెట్టె వేరే ఉండేది. ఆ సంవత్సరమే రోలింగ్ స్టోన్స్ బృందం తమ అమెరికా పర్యటనలో ఈ యంత్రాన్ని వాడింది. బేస్ గిటార్ ధ్వని ఇలా ఉండాలి అని ఒక తరం శ్రోతల చెవులకు నేర్పినది ఈ యంత్రమే.

అయితే అదే కాలంలో మరొక మార్గం కూడా ఉన్నదని గుర్తించాలి. డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ అనే వాదకుడు పెద్ద యంత్రాల జోలికి పోకుండా, తన ప్రెసిషన్ బేస్ సంకేతాన్ని నేరుగా రికార్డింగు బల్లకే ఇచ్చేవాడు. 1983లో మరణించిన ఈ మహావాదకుని స్వరాలు ఎన్నో ప్రసిద్ధ గీతాలకు పునాదిగా నేటికీ వినిపిస్తున్నవి. ద్వారం సరియైనదై, వేళ్ళలో నేర్పు ఉంటే కొండంత యంత్రం లేకపోయినా మంద్రస్వరం రాణిస్తుందన్న సత్యాన్ని ఆయన ఏనాడో నిరూపించాడు.

1976లో మ్యూజిక్ మాన్ సంస్థ స్టింగ్‌రే అనే వాద్యంలో ప్రీయాంప్‌ను వాద్యం కడుపులోనే అమర్చింది. ఈ జాతి వాద్యాలను యాక్టివ్ అంటారు. అమరని వాటిని పాసివ్ అంటారు. 1989లో న్యూయార్కులోని టెక్ 21 సంస్థ సాన్స్‌ఆంప్ అనే చిన్న పెట్టెతో, పెద్ద యంత్రాల ధ్వనిని యంత్రం లేకుండానే అనుకరించి చూపింది. అది అనలాగ్ పద్ధతిలో పనిచేసేది. 1998లో లైన్ 6 సంస్థ జీడిపప్పు ఆకారంలో ఉన్న పాడ్ అనే ఎర్రని పెట్టెను తెచ్చి, అదే పనిని గణితంతో సాధించింది. బేస్ గిటార్‌కు ప్రత్యేకమైన పాడ్ కూడా తరువాత వచ్చింది. జపానుకు చెందిన జూమ్, బాస్ సంస్థలు నేలమీద ఉంచి కాలితో నడిపే పెడళ్ళను ఊరూరా చేరవేశాయి. 2018లో లైన్ 6 విడుదల చేసిన హెచ్ఎక్స్ స్టాంప్ వంటివి అరచేతికి కొంచెం పెద్దవి మాత్రమే. ఒకనాడు లారీలో వచ్చిన ధ్వని నేడు భుజాన వేసుకొనే సంచిలో వస్తున్నది.

అంకెలుగా మారిన ధ్వని

డిజిటల్ అనగానే సంగీతంలోని జీవం పోతుందని భయపడేవారున్నారు. ఈ భయం ఎంతవరకు సహేతుకమో పరిశీలిద్దాం.

పెడల్‌లోకి వచ్చిన సంకేతం ఎత్తును యంత్రం సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా నమోదు చేసుకుంటుంది. ఒక ధ్వనిని సంపూర్ణంగా తిరిగి నిర్మించాలంటే, దానిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ సార్లు కొలిస్తే చాలునని క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన వ్యాసంలో గణితపరంగా నిరూపించాడు. మానవుని చెవి వినగలిగినది 20,000 హెర్ట్జ్ వరకే. బేస్ గిటార్‌లోని అతి మంద్రమైన ఇ తీగ కంపించేది సెకనుకు 41 సార్లు. దాని పై స్వరాలలో ప్రధానమైనవి కొన్ని వేల హెర్ట్జ్‌లోపే ముగుస్తాయి. కనుక కొలతల సంఖ్య విషయంలో ఈ వాద్యానికి కొరత లేదు. ఇక ఒక్కొక్క కొలతకు 24 బిట్లు వాడే యంత్రం సంకేతం ఎత్తును 1,67,77,216 మెట్లుగా విభజించి చూడగలదు. తొలినాటి పెట్టెలలో ఈ కొలత ముతకగా ఉండేది. నేటి చవుక పెట్టెలో కూడా అది ధ్వనికి హాని చేసే స్థాయిలో లేదు.

రెండవ భయం ఆలస్యాన్ని గురించి. లెక్కలు కట్టడానికి యంత్రానికి కొంత కాలం పడుతుంది. అది సాధారణంగా సెకనులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే. ధ్వని గాలిలో సెకనులో వెయ్యవ వంతుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. కనుక సెకనులో మూడు వెయ్యవ వంతుల ఆలస్యమంటే, వాదకుడు తన స్పీకరుకు ఒక మీటరు వెనుకకు జరిగి నిలబడినదానితో సమానం. దానివల్ల తాళం తప్పిన వాదకుడు ఎవరూ ఉండరు.

నిజంగా భయపడవలసినది మరొకటి ఉన్నది. వాల్వు యంత్రానికి శక్తికి మించిన సంకేతం వస్తే అది తల వంచి మెల్లగా లొంగుతుంది. ఆ లొంగుబాటులో చెవికి ఇంపైన గరుకుదనం పుడుతుంది. అంకెల యంత్రానికి ఆ సౌజన్యం లేదు. దానికి తెలిసిన అతి పెద్ద అంకె ఒకటి ఉంటుంది. సంకేతం దానిని దాటితే పైభాగం కత్తితో కోసినట్లు తెగిపోయి, టపటపమనే కర్ణకఠోరమైన శబ్దం వస్తుంది. డిజిటల్ ధ్వని కఠినమన్న అపవాదుకు ఎక్కువ సందర్భాలలో మూలం ఈ పొరపాటే. కాబట్టి వాద్యంలో ధ్వని మీటను పూర్తిగా తెరచి, కచేరీలో వాయించబోయే అత్యంత బలమైన దెబ్బను మీటి, పెడల్‌లోని ఎర్రదీపం వెలగకుండా పది పన్నెండు డెసిబెల్‌లు తక్కువగా ఉండేటట్లు ప్రవేశస్థాయిని అమర్చుకోవాలి. బొటనవేలితో తీగను కొట్టి వాయించేవారు ఈ జాగ్రత్తను రెట్టింపుగా తీసుకోవాలి.

మూసివేయడమే విద్య

ఇక ఆచరణకు వద్దాం. కొత్త పెడల్ తెరవగానే కంపెనీవారు అమర్చి పంపిన ధ్వనులు పదులకొద్దీ పలుకుతాయి. అవన్నీ దుకాణంలో నిలబడినవానిని ఆకట్టుకోవడానికి ఉద్దేశించినవి. ఒంటరిగా వింటే అద్భుతంగా ఉంటాయి. డ్రమ్ములు, కీబోర్డు, గాయకుడు చేరగానే వాటిలో మంద్రం కరిగిపోతుంది. కనుక ఖాళీ అర ఒకటి తెరచి, అందులో ఏమీ లేకుండా మొదలుపెట్టాలి.

మొదట తీగలు శ్రుతి చేసుకొనే ట్యూనరు. తరువాత కంప్రెసర్, ఇది బలంగా మోగిన స్వరాన్ని కొద్దిగా అణచి, బలహీనమైనదానితో సమానం చేస్తుంది. మూడు పాళ్ళు పెరిగినదానిని ఒక పాలుగా అణచే అమరిక చాలు. ఆపైన మీకు నచ్చిన ప్రీయాంప్ నమూనా ఒక్కటి. చివర స్థాయిల పాళ్ళు సరిచూసే ఈక్వలైజరు. ప్రతిధ్వనులు, అలలు, ఊగులాటలు అన్నింటినీ మూసివేయవచ్చు. అవి తీసివేస్తే తోచదనుకునేవారు వాటిని ప్రత్యేకమైన పాటకు దాచుకోవడం మంచిది.

ప్రీయాంప్ నమూనాలోని కొద్దిపాటి గరుకుదనం అలంకారం కోసమే ఉన్నదని చాలామంది అనుకుంటారు. దాని వెనుక ధ్వనిశాస్త్రం ఉన్నది. 41 హెర్ట్జ్ స్వరాన్ని పందిరికి కట్టిన చిన్న స్పీకరు పలికించలేదు. కాని ప్రతి తీగా మూలస్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఉండే పై స్వరాలను కూడా పలుకుతుంది. 82, 124, 165 హెర్ట్జ్‌ల వద్ద ఉండే ఈ పై స్వరాలు చెవిని చేరితే, వాటి నడుమనున్న సంబంధాన్నిబట్టి లేని మూలస్వరాన్ని మన మెదడే పూరించుకొని వింటుంది. గరుకుదనం అనగా పై స్వరాలను పెంచడమే. అందువల్ల స్వల్పమైన గరుకుదనం చేర్చిన బేస్ చిన్న స్పీకరులో కూడా వినబడుతుంది. మరీ శుభ్రమైన బేస్ మాయమవుతుంది. ఐతే గరుకుదనం మితిమీరితే మంద్రభాగం పలుచబడుతుంది. ఇందుకు విరుగుడుగా మంచి పెడళ్ళలో శుభ్రమైన సంకేతాన్ని, గరుకైన సంకేతాన్ని తగిన పాళ్ళలో కలుపుకొనే ఏర్పాటు ఉంటుంది. బ్లెండ్ అని రాసి ఉండే ఆ మీటను సగానికి అటూ ఇటూగా ఉంచి చూడండి.

ఈక్వలైజరులో స్థూలంగా జ్ఞాపకం ఉంచుకోవలసిన అంకెలు కొన్ని ఉన్నాయి. 30 హెర్ట్జ్‌కు దిగువన నాలుగు తీగల వాద్యంలో స్వరం ఏదీ లేదు. అక్కడ ఉండేది చేతి రాపిడి, నేల అదురు మాత్రమే. హైపాస్ ఫిల్టరుతో దానిని కోసివేస్తే స్పీకరు అనవసరమైన శ్రమ నుంచి బయటపడుతుంది. 80 నుంచి 100 హెర్ట్జ్‌ల ప్రాంతంలో నిండుదనం, 200 నుంచి 300 మధ్య బురద, 700 నుంచి 1,000 మధ్య స్వరాన్ని గుర్తుపట్టగల స్పష్టత, 2,500కు పైన వేలిగోరు, తీగ తాకిడి ఉంటాయి. బేస్ వినబడడంలేదనగానే అందరూ మంద్రాన్ని పెంచుతారు. చాలామట్టుకు చేయవలసినది 250 వద్ద కొంచెం తగ్గించి, 800 వద్ద కొంచెం పెంచడం.

మరొక్క మీట సంగతి అతి ముఖ్యమైనది. పెడళ్ళలో స్పీకరు పెట్టెను అనుకరించే భాగం ఒకటి ఉంటుంది. నిజమైన బేస్ స్పీకరు తారస్థాయిని సహజంగానే అణచివేస్తుంది. ఆ అణచివేతను అంకెలలో నకలు చేసేదే ఈ భాగం. సంకేతాన్ని నేరుగా మిక్సరుకు పంపేటప్పుడు దీనిని తప్పక తెరవాలి. లేకుంటే గరుకుదనం కందిరీగల రొదలా వినిపిస్తుంది. నిజమైన బేస్ స్పీకరు గల యాంప్లిఫయర్‌కు పంపేటప్పుడు దీనిని మూసివేయాలి. లేకుంటే రెండుసార్లు అణగి, దుప్పటి కప్పినట్లుంటుంది. యాంప్లిఫయర్ వెనుక రిటర్న్ అనే ద్వారం ఉంటే అక్కడ తగిలించండి. అప్పుడు ఆ యంత్రంలోని ప్రీయాంప్ పక్కకు తొలగి, మీ పెడల్ ఒక్కటే ప్రీయాంప్‌గా నిలుస్తుంది. ఎట్టి పరిస్థితిలోనూ యాంప్లిఫయర్ నుంచి స్పీకరుకు పోయే తీగను మాత్రం పెడల్‌కు గాని మిక్సరుకు గాని తగిలించరాదు. ఆ శక్తికి పెట్టె కాలిపోతుంది.

ఇల్లు వేరు, వేదిక వేరు

ఇంటిలో రాత్రి పదింటికి, పిల్లలు నిద్రపోయాక, చిన్న శబ్దంతో అమర్చుకున్న ధ్వని మరునాడు వేదికమీద ఎందుకు చెడిపోతుంది? దీనికి సమాధానం 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇరువురు శాస్త్రజ్ఞులు ఇచ్చారు. శబ్దం చిన్నదిగా ఉన్నప్పుడు మన చెవికి మంద్రస్వరాలు సరిగా ఆనవు. శబ్దం పెరిగేకొద్దీ అవి ఇతర స్వరాలతో సమానంగా ఆనుతాయి. ఇంటిలో చెవి కోరిన కొద్దీ మంద్రం పెంచుతాము. వేదికమీద శబ్దం పెరిగేసరికి ఆ పెంచినదంతా బురదై కూర్చుంటుంది. కనుక ధ్వనిని అమర్చుకోవడం వీలైనంతవరకు వాయించబోయే శబ్దంలోనే జరగాలి. అది సాధ్యం కానప్పుడు, ఇంటిలో కొద్దిగా మంద్రం తక్కువయిందే అనిపించే దగ్గర ఆపడం ఉత్తమం.

ఇదే కారణంవల్ల రెండు ధ్వనులను పోల్చి చూసేటప్పుడు రెండింటి శబ్దాన్ని సమానం చేసుకోవాలి. కొంచెం గట్టిగా మోగినదే మేలుగా తోచడం చెవి స్వభావం. దుకాణంలో పెడల్ కొనేవారు దానిని ఒకసారి కలిపి, ఒకసారి తొలగించి, శబ్దం సమానంగా ఉంచి వినాలి. అప్పటికీ తేడా మేలుగా తోస్తేనే డబ్బు చెల్లించాలి. మీరు అమర్చుకొనే వేర్వేరు ధ్వనుల మధ్య కూడా శబ్దం సమానంగా ఉండడం అవసరం. మిక్సరు వద్ద కూర్చున్న మనిషికి ఒక పాటకు ఒక స్థాయి, మరొక పాటకు మరొక స్థాయి ఇస్తే, విసిగిపోయి ఆయన చేసే మొదటి పని బేస్ మీటను కిందికి లాగడం. అందుకు ఆయనను తప్పుపట్టలేము.

ప్రాణంతో చెలగాటం వద్దు

పందిరిలో వేసే విద్యుత్తు ఏర్పాట్లు ఎలా ఉంటాయో మనకు కొత్త కాదు. ఒక జనరేటరు, నాలుగు అతుకుల తీగలు, తేమ నేల. ఈ పరిస్థితిలో బేస్ గిటార్ నుంచి మమ్మనే రొద వస్తే, మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్తు పిన్నును విరిచివేసే అలవాటు కొందరికున్నది. రొద తగ్గుతుంది, వాదకుని ప్రాణరక్షణ కూడా దానితోపాటే పోతుంది. 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో, స్టోన్ ద క్రోస్ బృందానికి చెందిన లెస్లీ హార్వీ అనే గిటార్ వాదకుడు ఎర్తు సరిగా లేని మైకును తాకి, ప్రేక్షకుల ఎదుటనే మరణించాడు. అతని వయస్సు ముప్పై కూడా నిండలేదు.

ఆ రొదకు నిరపాయమైన మందు ఉన్నది. డీఐ బాక్సు మీద, కొన్ని పెడళ్ళ మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట ఉంటుంది. అది సంకేతం మోసే తీగలోని ఎర్తు సంబంధాన్ని మాత్రమే తెంచి, విద్యుత్తు రక్షణను అలాగే ఉంచుతుంది. పెడల్, యాంప్లిఫయర్ రెండూ ఒకే ప్లగ్గు బోర్డునుంచి విద్యుత్తు తీసుకుంటే రొద చాలావరకు పుట్టనే పుట్టదు. పెదవులకు తగిలే మైకు జాలీని ఒక్కసారి టెస్టరుతో తాకి చూసుకోవడం అర నిమిషం పని.

పెడల్ ప్రాణం కూడా ముఖ్యమే. చాలా పెడళ్ళకు 9 వోల్టుల అడాప్టరు కావాలి; దాని మొనలో లోపలి భాగం ఋణధ్రువంగా ఉంటుంది. ఇతర పరికరాల అడాప్టర్లు పైకి ఒకేలా ఉన్నా ధ్రువాలు తారుమారై ఉండవచ్చు. తప్పు అడాప్టరు తగిలిస్తే పెట్టె క్షణంలో పాడవుతుంది. కనుక దాని అడాప్టరుకు రంగు కాగితం చుట్టి గుర్తు పెట్టుకోవడం మేలు. మిక్సరు మైకులకు పంపే 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు మీ పెడల్‌కు చేరకుండా ఆపించుకోవడం కూడా మరువరాదు.

ఎక్కడ చాలదు?

ఈ చిన్న పెట్టెకు పరిమితులు లేవని చెప్పడం సత్యదూరం. చవుక రకాలలో బాలన్స్‌డ్ లైన్ ద్వారం ఉండదు. అటువంటప్పుడు విడిగా ఒక డీఐ బాక్సు కొనుక్కోవలసిందే. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. పెట్టె అడుగున, లేదా వెంట వచ్చే పుస్తకంలో, ప్రవేశద్వారపు అవరోధం ఎన్ని ఓములో చూడండి. పాసివ్ వాద్యం ఉన్నవారికి ఇది అన్నిటికంటె ముఖ్యమైన అంకె. యాక్టివ్ వాద్యం ఉన్నవారికి అంత పట్టింపు అక్కరలేదు. చిన్న తెరమీద సన్నని అక్షరాలలో వెతుక్కుంటూ అమరికలు మార్చడం వేదికమీద కుదిరే పని కాదు. గుండ్రని మీటలు నాలుగు పైన కనబడే ప్రత్యేక ప్రీయాంప్‌కు ఈ విషయంలో ఎదురులేదు. రోజూ వాయిస్తూ, ఒకే ధ్వనిని జీవితాంతం కోరుకొనే వృత్తివాదకుడు ఎప్పటికైనా దానినే చేరుకుంటాడు.

అన్నిటికీ మించి, అంకెల పెట్టె ఆగిపోతే ధ్వని మొత్తం ఆగిపోతుంది. సంచిలో అదనంగా ఒక తీగ, ఒక సాదా డీఐ బాక్సు ఉంచుకున్నవాడు పాట మధ్యలో తల దించుకోవలసిన అవసరం రాదు. నేరుగా డీఐ బాక్సుకు తగిలించి వాయిస్తే చాలు. జేమర్సన్ తన స్వరాన్ని యంత్రం లేకుండా నేరుగానే పంపాడు కదా.

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. డిజిటల్ మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌ను బేస్ గిటార్‌కు ప్రీయాంప్‌గా నిస్సందేహంగా వాడుకోవచ్చు. నాలుగు పనులూ చేయగల శక్తి దానికున్నది. అమ్మేవారు చెప్పినట్లు అది సర్వస్వం మాత్రం కాదు. అందులోని విశేషాలను చూసి మురిసిపోయేవారికి అది ఆటబొమ్మగానే మిగిలిపోతుంది. షిల్లాంగులోని చర్చి వాద్యబృందంలో వాయించే కుర్రవానికైనా, గోదావరి జిల్లాలలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించే గృహస్థుకైనా ఇది శుభవార్తే. పెద్ద యంత్రం కొనే స్తోమత లేనందువల్ల మాత్రమే వినబడకుండా పోయిన స్వరాలకు ఇప్పుడు ఒక దారి దొరికింది. ఒక సాయంత్రం తీరిక చేసుకొని, పెట్టెలోని ధ్వనులన్నింటినీ ఒక్కొక్కటిగా మూసివేసి, తీగ ఒక్కటి మీటి వినండి. అక్కడ వినిపించినది మీ వేళ్ళ ధ్వనే. దానిని చివరి వరుసలోని శ్రోతదాకా చెడకుండా చేర్చడమే మిగిలిన పని.